చెరువు నిండినట్లు భావించడమైనది

మేము ఇల్లు కొన్నది వినాయక నిమజ్జనాల వారంలో. ఆ రోజుల్లో ఏ చెరువైనా పెళ్లిచూపులకు కూర్చున్న అమ్మాయిలా ఉంటుందని మాకు తెలియదు. పట్టుచీర, తలనిండా పూలు, వంచిన తల ఎత్తకపోవడం. మూడో అంతస్తు బాల్కనీలో నిలబడి కొంగల చెరువును చూశాం. గట్టు దాకా నీళ్లు. నీళ్లలో మబ్బులు. మబ్బుల మధ్య కొంగలు. ఇల్లు చూపించడానికి వచ్చిన బ్రోకరు గొంతు తగ్గించి, "గీ వ్యూ జీవితాంతం మీదే మేడం" అన్నాడు.

అప్పటికి మాకు పెళ్లయి నెల తిరగలేదు. "జీవితాంతం" అనే మాట ఎవరు ఎందుకన్నా ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకునే దశలో ఉన్నాం. నేను శ్రవణ్ చెయ్యి పట్టుకున్నాను. శ్రవణ్ వెళ్లి బ్యాంకువాళ్ల చెయ్యి పట్టుకున్నాడు. ఇంట్లో కుళాయిలు తిప్పి చూశారా అని తర్వాత మా మామయ్య అడిగారు. బయట అన్ని నీళ్లు చూశాక కుళాయి తిప్పి చూడాలని ఎవరికి తోస్తుంది?

హోలీ నాటికి చెరువు లేదు. పూర్తిగా లేదని కాదు. మా వైపు గట్టు వదిలేసి, అవతల దర్గా ఉన్న గట్టు పక్కకు సర్దుకుంది. మధ్యలో పగిలిన ఒండ్రు, దాని మీద గుర్రపుడెక్క, దాని మీద క్రికెట్టు ఆడే పిల్లలు, వాళ్లను పట్టించుకోని గేదెలు. బాల్కనీలో మునివేళ్ల మీద నిలబడితే సాయంత్రం పూట దూరంగా సన్నటి మెరుపు కనిపించేది. పాత చీరకు మిగిలిన అంచులా. నేను దానికి "జరీ" అని పేరు పెట్టాను. "శ్రవణ్, జరీ వచ్చింది!" అని కేకేస్తే, తను లాప్‌టాప్ వదిలేసి పరుగెత్తుకొచ్చి మునివేళ్ల మీద నిలబడేవాడు. ఇద్దరికీ కాళ్లు నొప్పి పుట్టేవి. అయినా బాగుండేది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను ఎమ్మెస్సీ జియాలజీ. ఎండాకాలంలో చెరువులు తగ్గుతాయని పరీక్షలో బొమ్మ వేసి మరీ రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అది మా చెరువుకు కూడా వర్తిస్తుందని మాత్రం అనుకోలేదు.

మా "సరోవర్ శిఖర" అపార్ట్‌మెంటులో పలకరింపులు నీటిమట్టాన్ని బట్టి ఉండేవి. అసోసియేషన్ ప్రెసిడెంటు జగదీశ్వర్ గారు విద్యుత్ శాఖలో రిటైరయ్యారు. రోజూ పొద్దున టెర్రస్ ఎక్కి చెరువును చూసి, లిఫ్టులో ప్రకటించేవారు. "ఇయ్యాల జర దిగింది." అంతే, లిఫ్టులో ఉన్నవాళ్లంతా ఎవరో పోయినట్టు తల వంచుకునేవాళ్లు. చెరువు దిగితే ఫ్లాటు రేటు దిగేది. వాన పడితే బ్రోకర్ల ఫోన్లు మోగేవి. ఐదో అంతస్తులో అన్నదమ్ములు ఒక ఫ్లాటు పంచుకోవాలి. అన్న వాటా కొనుక్కోవలసిన తమ్ముడు, ఏప్రిల్లో కూర్చుని లెక్క కడదామంటాడు. అమ్ముకోవలసిన అన్న, వానలు పడనీ, తొందరేముంది అంటాడు. ఇద్దరూ ఒకే చెరువును చూసి ఒకరు నవ్వేవారు, ఒకరు నిట్టూర్చేవారు.

ఇలా ఉండగా సర్క్యులర్ వచ్చింది.

చెరువుల పక్కన ఇళ్ల విలువ కట్టడానికి సరోవర దృశ్య ప్రాధికార సంస్థ అని ఒకటి కొత్తగా పుట్టింది. ఆ సంస్థ మా గేటుకు అంటించిన కాగితంలో ఇలా ఉంది: "చెరువును చూచు నిమిత్తము మాత్రమే గృహములకు ముందునకు పొడుచుకొని వచ్చు బాల్కనీ అనుమతించబడినది. చెరువు కనిపించని యెడల సదరు బాల్కనీకి చూచుటకు ఏమియు లేనందున, దానిని గోడతో మూసివేయవలెను."

జగదీశ్వర్ గారికి ఇందులో రేటు కనిపించింది. నాకు గోడ కనిపించింది.

మా ఇంట్లో మేమిద్దరం కలిసి కూర్చోగల చోటు ఆ బాల్కనీ ఒక్కటే. పడగ్గదిని మా అమ్మ పెట్టిన బీరువా ఆక్రమించింది. హాలును మా అత్తయ్య పంపిన సోఫా ఆక్రమించింది. దాని మీద ఇంకా ప్లాస్టిక్ కవరు ఉంది, కూర్చుంటే జారుతుంది. బాల్కనీలో రెండు కేన్ కుర్చీలు పడతాయి. అవి కూడా మోకాలికి మోకాలు తగిలేలా మాత్రమే పడతాయి. ఒకళ్లు లేవాలంటే రెండోవాళ్లు కాళ్లు పైకెత్తాలి. పొద్దున అల్లం టీ, సాయంత్రం మిరపకాయ బజ్జీ, మధ్యలో జరీ. గోడ కడితే మేమెక్కడ కూర్చోవాలి?

పరిశీలనకు వచ్చినాయన పేరు పరాంకుశం. సన్నగా, పొందికగా, ఇస్త్రీ మడతలతో ఉన్నారు. తెల్ల ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తానే మోసుకుంటూ మూడంతస్తులు ఎక్కారు. కుర్చీ వీపు మీద ప్రభుత్వ ముద్ర ఉంది.

"మా కుర్చీలున్నాయండీ" అన్నాను.

"ప్రైవేటు కుర్చీల ఎత్తు నమ్మదగినది కాదు. నిబంధన ప్రకారం, సగటు పౌరుడు ప్రభుత్వ కుర్చీలో కూర్చున్నప్పుడు చెరువు కనిపించాలి."

"సగటు పౌరుడు ఎవరు సార్?" అడిగాడు శ్రవణ్.

"నేనే. మా ఆఫీసులో అందరినీ కొలిచి నన్ను ఎంపిక చేసినారు" అని ఆయన కాస్త సిగ్గుపడ్డారు.

మా కేన్ కుర్చీలు లోపలికి లాగి, ప్రభుత్వ కుర్చీ వేశాం. ఆయన కూర్చుని, వీపు ఆనించి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని చూశారు. చెరువు ఒడ్డున నర్సిరెడ్డి గారి విల్లా ఉంది. దాని మీది నీళ్ల ట్యాంకు సరిగ్గా మా జరీకి అడ్డం.

"ఏమండీ, కనిపిస్తోందా?" అన్నాను. మామూలుగా నేను శ్రవణ్‌ను కూడా ఏమండీ అనను.

"మాట్లాడకండమ్మా. చూపు జరుగుతోంది." కాసేపయ్యాక, "గేదె కనిపిస్తోంది" అన్నారు.

"అది నీళ్లలనే ఉంది సార్!" శ్రవణ్ ఆశగా వంగాడు.

"మెడ వరకు గేదె కనిపిస్తోంది. మిగతా గేదె ఎక్కడున్నదీ తెలియడం లేదు."

"నీళ్లు లేకుంటే మెడ దాకా ఎట్ల మునుగుతది సార్?"

"అది ఊహ. మేము ఊహలు రాయము."

నేనిక ఆగలేక మునివేళ్ల మీద లేచి, "అదిగో సార్, ఆ ట్యాంకు పక్కన, సన్నగా మెరుస్తోంది చూడండి" అన్నాను.

ఆయన జాలిగా నన్ను చూశారు. "మీరు నిలబడినారమ్మా. కూర్చుని చూస్తే దర్శనం. నిలబడి చూస్తే తొంగిచూపు. తొంగిచూపు చెల్లదు."

టీ ఇచ్చాం. అల్లం బాగా పడిందని మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూనే నోటీసు రాశారు. వెళ్లేటప్పుడు కుర్చీ భుజాన వేసుకుని, "వచ్చే పరిశీలన ఆషాఢంలో. ఆనాటికి నీరైనా కనిపించాలి, గోడైనా కనిపించాలి" అన్నారు.

ఆ ఆదివారం సెల్లార్లో అసోసియేషన్ మీటింగ్. చెరువు వైపు ఫ్లాట్లన్నిటికీ నోటీసులు వచ్చాయి. జగదీశ్వర్ గారు లేచి నిలబడి, "చెర్వు కనబడకుంటే మన రేటు ఎంతయితదో ఎర్కేనా? ఎనక దిక్కు ఫ్లాట్లంత అయితది! ఎనక దిక్కు ఫ్లాట్లంత!" అన్నారు. వెనక వైపు ఫ్లాట్లవాళ్లు కుర్చీలు మడిచి వెళ్లిపోయారు.

అప్పుడు నేను లేచాను. లేవకుండా ఉండవలసింది. కానీ కొత్త పట్టుచీర కట్టుకుని ఉన్నాను, శ్రవణ్ పక్కనే ఉన్నాడు. భూగర్భ జలాల మీద పేపరు రాసినదాన్నని అందరికీ గుర్తు చేసి, "చెరువు తగ్గిందంటే అందులో నీళ్లు తగ్గాయన్నమాట. కాబట్టి మనం నీళ్లు పోయాలి" అన్నాను.

చప్పట్లు మోగాయి. "సదువుకున్న పిల్ల, సదువుకున్న పిల్ల" అనుకున్నారు. శ్రవణ్ ఈల వేశాడు.

టాంకర్లు మాట్లాడాం. మొదటి టాంకరుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టాం. మా గట్టు దగ్గర పైపు వదిలితే నీళ్లు దుమ్ములో సుడి తిరుగుతూ చెరువులోకి పరుగెత్తాయి. నాకు ఒళ్లు పులకరించి, జడలోంచి కనకాంబరాల చెండు తీసి ఆ నీళ్లలోకి విసిరాను. పిన్నుతో సహా. అందరూ ఫోటోలు తీసుకున్నారు.

ఒండ్రు పీల్చుకోగా మిగిలింది వాలు వెంట దర్గా గట్టు దాకా పారింది. టాంకర్లు వస్తూనే ఉన్నాయి. మర్నాడు సాయంత్రం ఒక టాంకరు పైపు తిప్పగానే నీళ్లతో పాటు ఎర్రగా పూలు వచ్చాయి.

"శ్రవణ్! చూశావా, ఈ టాంకరాయన నీళ్లతో పాటు పూలు కూడా పోస్తున్నాడు!" అని నేను నిజంగానే గంతులేశాను. శ్రవణ్ వీడియో తీశాడు. వంగి ఒక పువ్వు తీసుకుని తలలో పెట్టుకోబోయాను. దానికి పిన్ను ఉంది. నా పిన్నే.

తెలిసిందేమిటంటే, టాంకర్లు దర్గా గట్టున మోటరు పెట్టి కొంగల చెరువు నీళ్లు నింపుకుని, చుట్టు తిరిగి వచ్చి మా గట్టున కొంగల చెరువులో పోస్తున్నాయి.

"అంటే మన చెర్వు నీళ్లు మనమే కొంటున్నమా?" జగదీశ్వర్ గారు గుండె పట్టుకున్నారు.

"అలా కాదు సార్. నీళ్లు ఉచితమే. మనం ఇచ్చింది వాటిని తిప్పి చూపించినందుకు" అన్నాను. భూగర్భ జలాల మీద పేపరు రాసినదాన్ని కనుక ఆ తేడా నాకు బాగా తెలుసు. దారిలో కారినవి, ఒండ్రు తాగినవి, ఎండకు పోయినవి పోగా, మా కృషి వల్ల చెరువు ఇంకాస్త తగ్గింది. జరీ దారంలా అయింది.

ఆ కృషికి ఇంకో ఫలితం కూడా ఉంది. మేం పోసిన నీళ్లు పారింది నర్సిరెడ్డి గారి ప్రహరీ పక్కనుంచి. ఆయన కాంట్రాక్టులు చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. గేటు మీద ఇత్తడి అక్షరాలతో "వాటర్ ఫ్రంట్ విల్లా" అని రాయించుకున్నారు. లుంగీ ఎగగట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"ఏం బిడ్డా, నా గోడ తడుపుతున్నవట?"

"చెరువు నింపుతున్నాం అంకుల్. మీకూ మంచిదే కదా, వాటర్ ఫ్రంట్ అని రాయించుకున్నారు."

"ఫ్రంట్‌ల ఉండాలె బిడ్డా నీళ్లు. ఇంట్ల కాదు. నీళ్లు గోడ తాకినయంటే నా ఇల్లు చెర్వుల ఉన్నట్టు రాస్తరు. చెర్వుల ఉన్న ఇల్లు కూలగొడ్తరు. చెర్వు కనబడితే మీకు రేటు. ముట్టుకుంటే నాకు బుల్డోజరు. సమజైందా?"

నాకు సమజైంది. ఆయనకు చెరువు దూరంగా ఉండాలి. మాకు దగ్గరగా ఉండాలి. బతుకంతా ఆ ఇల్లు కట్టుకోవడానికే పెట్టారాయన. నేనేమో బాల్కనీలో బజ్జీలు తినడానికి ఆయన గోడ తడుపుతున్నాను. జాలేసింది. బజ్జీలు పెట్టాను. తిన్నారు. తిని వెళ్లి సంస్థ కమిషనరు గారికి మా మీద ఫిర్యాదు ఇచ్చారు.

విచారణ పెట్టారు. పొడుగాటి బల్లకు ఒక పక్క మేము, ఒక పక్క నర్సిరెడ్డి గారు, ఆయన భార్య అనసూయమ్మ గారు. కమిషనరు గారు అందరి మాటలూ విని, పెన్ను కింద పెట్టి, "ఇంతకీ అసలు పార్టీ ఏదీ?" అన్నారు.

ఎవరికీ అర్థం కాలేదు.

"చెరువు. తన స్థానం విడిచి వెళ్లింది చెరువు. దాని వాదన వినకుండా నిర్ణయం తీసుకోవడం సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధం. పరాంకుశం గారూ, చెరువుకు నోటీసు ఇవ్వండి."

పరాంకుశం గారు ప్యాంటు మడిచి ఒండ్రులో దిగి, ఒక గుంజ పాతి, దానికి నోటీసు అంటించారు. "ముందస్తు అనుమతి లేకుండా మీరు మీ స్థానమును ఎందులకు వదలి పోయితిరో సంజాయిషీ ఇవ్వవలెను" అని అందులో ఉంది. గడువు రోజున ఆయన మళ్లీ వెళ్లి చూస్తే గుంజ మీద ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉందట. "చెరువు పక్షాన కొంగ హాజరైనది. ఏమియు చెప్పలేదు" అని రాసుకొచ్చారు.

చెరువు తరఫున వాదన లేదు కాబట్టి మా అర్జీలే చూశారు. అపార్ట్‌మెంటులో అందరి అర్జీలూ నన్నే రాయమన్నారు. అందరివీ పద్ధతిగా రాశాను. మాది మాత్రం మురిపెంగా రాసుకున్నాను. "మేము కొత్తగా పెళ్లయినవాళ్లం. మా బాల్కనీలో కూర్చుంటే మాకు చెరువు ఎప్పుడూ నిండుగానే ఉన్నట్టుంటుంది. దయచేసి మా కళ్లతో ఒక్కసారి చూడండి." శ్రవణ్ అది చదివి, తీసెయ్యమంటాడేమో అనుకున్నాను. "మస్తుంది, ఉండనీ" అన్నాడు.

కమిషనరు గారు ఆ వాక్యం దగ్గర ఆగారట. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారట. ఉత్తర్వు వచ్చింది. "అర్జీదారుల కళ్లతో చూడగా, కొంగల చెరువు పూర్తిగా నిండినట్లు భావించడమైనది."

ఆ వేళ అపార్ట్‌మెంటులో పండగ. జగదీశ్వర్ గారు లిఫ్టు ఎక్కి, "నిండింది!" అని ప్రకటించారు. బయట గేదెలు దుమ్ములో నడుస్తున్నాయి. బ్రోకర్లు తిరిగి వచ్చారు. కొనడానికి వచ్చినవాళ్లు బాల్కనీలోంచి ఎండిన నేలను చూసి సందేహిస్తే, ఉత్తర్వు ప్రతి చేతికిచ్చేవాళ్లు. చదువుకుని, మళ్లీ చూసి, "అవునండీ, బాగుంది" అనేవాళ్లు. ఐదో అంతస్తు అన్న, లెక్క కడదాం రమ్మని తమ్ముడి తలుపు తట్టాడు.

నేనైతే మూడు రకాల స్వీట్లు చేసి పంచాను. చట్టంలోకి నా వాక్యం ఎక్కింది. ఖమ్మంలో మా అమ్మకు ఫోన్ చేసి చదివి వినిపించాను కూడా.

మర్నాడు పొద్దున పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగితే నర్సిరెడ్డి గారు తన విల్లా గేటు దగ్గర నారింజ రంగు లైఫ్ జాకెట్టు వేసుకుని నిలబడి ఉన్నారు. కాళ్ల కింద దుమ్ము లేస్తోంది. పక్కన పరాంకుశం గారు ఉన్నారు.

"చెరువు నిండినది కదమ్మా" పరాంకుశం గారు వివరించారు. "నిండిన చెరువు ఈ గేటు వద్ద నడుము లోతు. జాకెట్టు లేకుండా ఎవరైనా మునిగితే సంస్థకు చెడ్డపేరు."

"మునగడానికి నీళ్లేవి సార్?" నర్సిరెడ్డి గారు అరిచారు.

"మీకు కనిపించకపోవచ్చు. మీరు లోపల ఉన్నారు."

అనసూయమ్మ గారు కూరగాయలకు వెళ్లాలంటే పడవ ఎక్కవలసి వచ్చింది. ఆమె జాకెట్టు వేసుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని పడవలో కూర్చుంటే, సంస్థ మనుషులిద్దరు ఎండలో ఆ పడవను తాళ్లతో రోడ్డు దాకా ఈడ్చారు. క్రికెట్టు పిల్లలు బ్యాట్లు కింద పడేసి వెనక నుంచి తోశారు. ఆమె వంకాయలు కొనుక్కుని మళ్లీ పడవలోనే వచ్చారు. ఇల్లు ఖాళీ చేయాలని నోటీసు కూడా గేటుకు అంటుకుంది.

ఆ సాయంత్రం నర్సిరెడ్డి గారు జాకెట్టుతోనే మా ఇంటికి వచ్చి, బాల్కనీలో కూలబడ్డారు.

"నీ కండ్లతోటి చూసిండ్రంట బిడ్డా. నా ఇల్లు మునిగింది."

నాకు ఏడుపొచ్చింది. "అంకుల్, నేను ఏదో సరదాగా రాశాను."

"సర్కారుకు సరదా రాయొద్దు బిడ్డా" అన్నారాయన. అలా అని, కాసేపు దూరంగా చూసి, "ఈడికెళ్లి మంచిగనే కనబడ్తది గదా" అన్నారు. నాకు కొత్తగా పెళ్లయింది కనుక సరే. పాపం ఆయనకేమయిందో తెలియదు.

మళ్లీ అర్జీ రాశాను. ఈసారి ఆయన కోసం. సరదా లేకుండా. అందరం వెళ్లి కమిషనరు గారి ముందు నిలబడ్డాం. ఎవరి బాల్కనీ పోకూడదు, ఎవరి ఇల్లు మునగకూడదు అని వేడుకున్నాం. వారం తిరక్కుండా సవరణ ఉత్తర్వు వచ్చింది. "సదరు చెరువు, చూచువారికి నిండినట్లును, నివసించువారికి ఎండినట్లును భావించడమైనది. మేడ పైనుండి చూచువారు నీరు లేదని అనరాదు. నేలపై నివసించువారు నీరు కలదని అనరాదు."

ఇంత న్యాయమైన తీర్పు నేనెప్పుడూ చదవలేదు. నర్సిరెడ్డి గారు నన్ను ఆశీర్వదించారు. ఎండినవారికి అవసరం లేదని లైఫ్ జాకెట్లూ పడవా సంస్థవాళ్లు వెనక్కి పట్టుకుపోయారు. మా బాల్కనీకి మిగిలింది ఒక్కటే. ఆషాఢంలో పరాంకుశం గారు వచ్చి, కుర్చీ వేసుకుని, చూసి, సంతకం పెట్టాలి. ఆ సంతకం పడకపోతే ఉత్తర్వు ఉన్నా గోడ తప్పదు.

ఆషాఢమాసం కొత్త పెళ్లికూతురు పుట్టింట్లో ఉండాలని మా అమ్మ ఫోన్ మీద ఫోన్ చేసింది. "పరిశీలన రోజున గృహస్థులిద్దరూ హాజరుండాలమ్మా, రూలు" అని చెప్పాను. ఆ సంస్థ మీద నాకు ప్రేమ పుట్టింది అప్పుడొక్కసారే.

పరిశీలన ముందు రోజు వాన మొదలైంది. వాన అంటే అది వాన. చెరువుకు నోటీసు అప్పటికి అందినట్టుంది. సంజాయిషీ ఇచ్చుకోవడానికి తానే స్వయంగా బయల్దేరి వచ్చింది. మర్నాడు పొద్దున్నే గుంజ మునిగింది. తర్వాత గుర్రపుడెక్క తేలుతూ వచ్చి "వాటర్ ఫ్రంట్ విల్లా" ఇత్తడి అక్షరాలకు పూలదండలా చుట్టుకుంది. తర్వాత మా సెల్లార్లోకి వచ్చింది. మీటింగ్ కుర్చీలు వరసగా తేలాయి.

జగదీశ్వర్ గారు మెట్ల మీద నిలబడి సంస్థకు ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టారు కాబట్టి అందరం విన్నాం.

"సార్, సెల్లార్లకు నీళ్లొచ్చినయ్."

"సెల్లారు నేల కోవలోకి వస్తుంది. నేల ఎండి ఉన్నట్లు రికార్డు."

"మోటరు మునిగింది సార్! కరెంటు పోయింది!"

"మీరు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు?"

"మెట్ల మీద."

"ఇంకొంచెం పైకి వెళ్లండి. పైనుంచి చూస్తే అది దృశ్యం. దృశ్యానికి మేము బాధ్యులం."

మధ్యాహ్నానికి నర్సిరెడ్డి గారు, అనసూయమ్మ గారు మోకాళ్లలోతు నీళ్లలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మా మెట్లెక్కారు. ఆయన నెత్తిన బియ్యం బస్తా, ఆమె చంకలో కుక్కర్. "జాకిట్లు ఉంచినా బాగుండు" అన్నారామె. తడి బట్టలు మార్చుకోమని నా పట్టుచీర ఇచ్చాను. శ్రవణ్ లుంగీ ఆయనకు సరిపోయింది. ఇద్దరినీ తీసుకెళ్లి బాల్కనీలో మా కేన్ కుర్చీల్లో కూర్చోబెట్టాం.

ఇంతలో కింద ఎవరో కేకేశారు. చూస్తే పరాంకుశం గారు. తెల్ల కుర్చీని గొడుగులా నెత్తిన పెట్టుకుని, నడుము లోతు నీళ్లలో, నిబంధన తప్పకుండా వస్తున్నారు.

తడిసిన ఇస్త్రీ మడతలతో పైకి వచ్చి, బాల్కనీలో చోటు చేసుకుని, కుర్చీ వేసి, వీపు ఆనించి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నారు. నేను శ్రవణ్ వేలు పట్టుకున్నాను. ఆకాశం నుంచి మా మెట్ల దాకా నీళ్లు తప్ప ఇంకేమీ లేవు.

"చూపు జరుగుతోందా సార్?" అడిగాడు శ్రవణ్.

"జరిగింది. కనిపిస్తోంది" అని ఆయన సంతకం పెట్టారు. కాగితం తడిసి సంతకం కాస్త అలుక్కుంది. అయినా సంతకం సంతకమే. బాల్కనీ మాదైంది. నేను శ్రవణ్‌ను అందరి ముందూ కౌగిలించుకున్నాను. అనసూయమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

పరాంకుశం గారు వెళ్లడానికి లేచి, కిందికి చూసి, మళ్లీ కూర్చున్నారు. కింద రోడ్డు మీద ఆయన వచ్చిన సంస్థ జీపు ఉండేది. ఇప్పుడు దాని టాపు మాత్రం ఉంది. టాపు మీద కొంగ ఉంది.

"జీపు మునిగింది సార్" అన్నారు నర్సిరెడ్డి గారు. ఆయన గొంతులో చాలాకాలానికి కొంచెం ఉత్సాహం వినిపించింది.

"ఇక్కడినుంచి చూస్తే మునిగింది" అన్నారు పరాంకుశం గారు నెమ్మదిగా. "కిందికి దిగితే మునగలేదు. దిగినానంటే నేను నేల మీది వాడిని. నీళ్లున్నాయని అనడానికి లేదు. జీపు నడపక తప్పదు."

"మరి దిగుతరా?"

ఆయన కుర్చీలో మళ్లీ వీపు ఆనించారు. "అల్లం టీ ఉందామ్మా?" అన్నారు.

చీకటి పడే వేళకు మోటరు బాధ భరించలేక జగదీశ్వర్ గారు కూడా వచ్చి చేరారు. మా బాల్కనీలో నలుగురు ఎలా పట్టారో ఇప్పటికీ నాకు తెలియదు. ఒకళ్లు లేస్తే ముగ్గురు కాళ్లెత్తుతున్నారు. లేచి చూసి మళ్లీ కూర్చుని, చెరువు ఎంత బాగుందో చెప్పుకుంటున్నారు. జగదీశ్వర్ గారు రేటు చెబుతున్నారు. నర్సిరెడ్డి గారు తన ఇంటి ట్యాంకు చూపించి, "అగో, గది మా ఇల్లు" అంటున్నారు. నా బజ్జీలు వాళ్లకు చాల్తున్నాయి. మేమిద్దరం కూర్చోవడానికి చోటు లేదు. హాల్లో సోఫా మీద తడి బట్టలు ఆరేశాం.

మేము వంటింట్లోకి వెళ్లి గట్టు మీద ఎక్కి కూర్చున్నాం, కొవ్వొత్తి పక్కన. కాళ్లు వేలాడేసుకుని. గ్లాసులన్నీ బాల్కనీకి వెళ్లిపోగా ఒక్కటే మిగిలింది. ఒక గుక్క తను, ఒక గుక్క నేను. ఎదురుగా పప్పు డబ్బాలు, ఆగిపోయిన ఎగ్జాస్ట్ ఫ్యాను. కిటికీ లేదు. చెరువు నిండినా ఎండినా ఆ గట్టుకు తేడా లేదు. మోకాలికి మోకాలు మాత్రం బాగానే తగిలింది. ఇంత మంచి చోటు ఇంట్లోనే పెట్టుకుని ఇన్నాళ్లూ చెరువు వెంట పడ్డామని నేను నవ్వాను. నేనెందుకు నవ్వానో తెలియకపోయినా శ్రవణ్ కూడా నవ్వాడు.

ఖాళీ గ్లాసు పట్టుకుని పరాంకుశం గారు గుమ్మంలో నిలబడ్డారు.

"ఇక్కడ కూర్చుని ఏం చూస్తున్నారమ్మా?"

"ఏమీ లేదండీ" అన్నాను తొందరగా. "ఇక్కడినుంచి ఏమీ కనిపించదు."

ఆయన ఫ్యాను వైపు చూశారు. డబ్బాల వైపు చూశారు. మా ఇద్దరి వైపు చూశారు.

"ఒకరికొకరు కనిపిస్తున్నారు కదా" అన్నారు. అని, కుర్చీ తెచ్చుకోవడానికి బాల్కనీలోకి వెళ్లారు.